బుధవారం మేడం

జూన్ 3, సోమవారం

ముందుగా అక్షరదోషాలకు క్షమించాలి. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని అందరూ అంటారు. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత సంతకం పెట్టడానికి తప్ప కలం పట్టింది లేదు. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. అలవాటు. గుమ్మం తగిలినా "అయ్యో, సారీ" అంటానని మా ఆయన నవ్వుతారు.

మొన్న శనివారం భోజనాల దగ్గర ఆయన అన్నారు, "నీకోసం ఒక మేడంతో మాట్లాడాను. లైఫ్ కోచ్. సైకాలజీ చదివిన మనిషి. ప్రతి బుధవారం వెళ్ళు. నీ మీద నీకు నమ్మకం పెరుగుతుంది."

"నాకేమైందండీ?"

"ఏం కాలేదు. నలుగురితో మాట్లాడటం రావాలి కదా. రేపు అవసరం పడుతుంది."

అత్తయ్య కంచంలోంచి తల ఎత్తకుండా, "నోరు తెరవని పెళ్ళాం దొరికితే చాలని లోకమంతా మొక్కుకుంటుంది. వీడేంటమ్మా, ఉన్నదాన్ని తీసుకెళ్ళి డబ్బులిచ్చి మరీ తెరిపిస్తానంటాడు!" అంది.

నేనూ నవ్వాను. తర్వాత గిన్నెలు కడుగుతుంటే ఆ "రేపు" దగ్గర చెయ్యి ఆగింది. రేపు ఏముంది?

నేను అనుమానపు మనిషిని కాను. కానీ మేకకు ఊరికే ఎవరూ స్నానం చేయించరు.

జూన్ 5, బుధవారం

మందుల షాపు మీద గది. రెండు కుర్చీలు, మధ్యలో బల్ల లేదు. కాళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కిటికీ దగ్గర ఒక మొక్క, పక్కన చిన్న బల్ల మీద మంచినీళ్ళు, కాగితపు రుమాళ్ళ పెట్టె.

మేడం నన్ను "మీరు" అన్నారు. ఎవరైనా వచ్చారేమో అని వెనక్కి తిరిగి చూశాను.

"మీకు మీరంటే ఇష్టమేనా?" అని అడిగారు.

ఆలోచించి, "మా ఆయన్ని అడిగి చెప్తానండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకున్నారు.

ప్రతి మనిషి లోపలా ఒక గొంతు ఉంటుందట. తప్పు జరిగినప్పుడల్లా అది తిడుతుందట. "మీ లోపలి గొంతు ఏమంటుంది?" అన్నారు. చిన్న స్క్రూ కింద పడినా అది "మొద్దు మొహమా" అంటుందని చెప్పాను. అది ఎవరి గొంతో గుర్తు తెచ్చుకోమన్నారు. గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, మా పిన్నిది. నన్ను పెంచింది ఆవిడే. పెంచింది అని ఊళ్ళో వాళ్ళు అంటారు. పెళ్ళయిన రోజు ఆ ఇంటి గడప దాటాను, మళ్ళీ అటు చూడలేదు. ఇదంతా ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ కళ్ళు అలా ఉంటాయి, చెప్పమన్నట్టు.

"ఇక్కడ మాట్లాడింది ఈ గోడలు దాటదు" అన్నారు మేడం.

రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుంటూ "నేను చాలు" అనుకోవాలట.

జూన్ 6, గురువారం

అద్దం ముందు నిలబడి చిన్నగా "నేను చాలు, నేను చాలు" అంటున్నాను. వంటింట్లోంచి అత్తయ్య, "ఎవరికే వడ్డిస్తున్నావ్? పెట్టేదేదో నాకు పెట్టు, నేనింకా చాలనలేదు" అంది.

జూన్ 12, బుధవారం

ఈ వారం పాఠం: రోజుకొకసారి "వద్దు" అనో "చెయ్యను" అనో అనాలి. గట్టిగా కాదు, కారణం చెప్పకుండా, క్షమాపణ లేకుండా. సైకాలజీ ప్రకారం మనిషి చుట్టూ ఒక గీత ఉండాలట. ఆ గీత మనమే గీసుకోవాలట.

ఇంటికొచ్చాక అత్తయ్య టీ ఇవ్వబోతే "వద్దు" అన్నాను. తాగాలని చాలా ఉంది. మేడం చెప్పిన వద్దు ఇది కాదనుకుంటాను.

జూన్ 14, శుక్రవారం

మాది కళ్ళద్దాల షాపు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో పరదా. పరదాకి ఇవతల నా బల్ల. అద్దం అంచు అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం, స్క్రూలు బిగించడం నా పని. అవతల జనంతో మాట్లాడటం, చూపు పరీక్షించడం ఆయన పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే.

ఇవాళ ఒక లారీ డ్రైవరు లోపలికి వస్తుండగా ఆయన చెప్పులేసుకుని, "నువ్వు చూడు, నాకు చిన్న పనుంది" అని వెళ్ళిపోయారు. పరదా బయటికి వచ్చాను. నా చేతులు నావి కానట్టున్నాయి. అత్తయ్య గుమ్మం పక్క తన స్టూలు మీద కూర్చుని చోద్యం చూస్తోంది.

డ్రైవరుకి లైసెన్సు భయం. ఏ అద్దం వేసినా "బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు. అక్షరాల బోర్డు మీద కింది వరస చదవమంటే పైది చదువుతాడు. అప్పుడు ఆయన చేసే పని నేనూ చేశాను. వేసిన అద్దాన్నే తీసి, వెనక్కి తిరిగి, మళ్ళీ అదే వేసి, "ఇందాకటిది బాగుందా, ఇప్పటిదా?" అన్నాను.

"ఇప్పటిదే తల్లీ! ఎంత తేడా!"

ఒకే అద్దం రెండుసార్లు వేస్తే నిజం చెప్పేవాడు "రెండూ ఒకటేలా ఉన్నాయే" అంటాడు. మన మొహం చూసి చెప్పేవాడు తేడా చెప్తాడు. "అన్నా, కళ్ళు అడిగింది చెప్పు, నేను అడిగింది కాదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది! డ్రైవరు నవ్వేసి, దారికొచ్చాడు.

వాడు వెళ్ళాక అత్తయ్య, "బుధవారం మేడం పనికొచ్చేదే" అంది.

సంతోషంగానే ఉంది. కానీ ఆయన చిన్న పని ఏమిటో చెప్పలేదు.

జూన్ 20, గురువారం

స్క్రూ కింద పడింది. నేను నోరు మెదపలేదు. ఆయన వంగి తీసిచ్చి, భుజం తట్టి, "నువ్వేం మొద్దు మొహానివి కాదు" అన్నారు.

ఆ మాట నేను ఒక్కచోటే చెప్పాను.

జూన్ 21, శుక్రవారం

ఎప్పుడైనా నిద్రలో కలవరించానేమో. అలా కూడా జరుగుతుంది.

జూన్ 23, ఆదివారం

బట్టలు ఉతికాను. జేబుల్లో రెండు స్క్రూలు, అద్దాలు తుడిచే గుడ్డ. వేరే ఏమీ లేవు. ఉతికే ముందు జేబులు చూడటం అందరూ చేసేదే. కాలరు వాసన చూడటం అందరూ చెయ్యకపోవచ్చు.

సబ్బు వాసనే. మా సబ్బే.

నేను అనుమానపు మనిషిని కాను.

జూన్ 26, బుధవారం

డ్రైవరుకి వేసినట్టే మేడంకీ ఒక అద్దం వేశాను.

మేడంతో, "మా పిన్ని మీద కోపం పోయిందండీ. కొన్నాళ్ళు వెళ్ళి ఆవిడ దగ్గర ఉండాలనిపిస్తోంది" అన్నాను. అబద్ధం. ఆ ఇంటికి వెళ్ళడం కంటే లారీ కింద పడటం నయం. మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించడం గొప్ప మెట్టు అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. పాపం అనిపించింది. ఆవిడ మంచావిడే అయితే ఈ అబద్ధానికి నాకు నరకమే.

జూన్ 30, ఆదివారం

భోజనాల దగ్గర. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, "కొన్నాళ్ళు మీ పిన్ని వాళ్ళింటికి వెళ్ళొస్తావా? మనసు తేలికపడుతుంది" అన్నారు.

అత్తయ్యకి పొలమారింది. "పిన్నా? ఆ మహాతల్లి పేరెత్తితేనే ఇది వంటింట్లో గిన్నెలు పగలగొడుతుందిరా! నీకేమైనా పిచ్చా?"

"మనుషులు మారతారమ్మా."

"ఎవరు మారారు?" అంది అత్తయ్య.

గోడలు దాటింది. అయితే ఏమిటి? మేడం భార్య గురించి భర్తకి చెప్పారు, పరాయివాడికి కాదు కదా. అలా అనుకుంటూ రెండుసార్లు పొయ్యి వెలిగించి రెండుసార్లు ఆర్పాను.

జూలై 3, బుధవారం

ఒకసారి చూసి నమ్మకూడదు. రెండోసారి వేశాను.

ఇవాళ్టి నుంచి ఆవిడని మనసులో మేడం అనలేకపోతున్నాను. ఆవిడ అడిగింది, "షాపులో ఎలా ఉంది?" "ఆయన పక్కన లేకపోయినా నడిపేయగలననిపిస్తోందండీ. ఒక్కదాన్నీ ఉండగలను" అన్నాను.

పిన్ని మాటకి కళ్ళు తడిసిన మనిషి, ఈ మాటకి ఊపిరి వదిలింది. బరువు దించుకున్నట్టు. "మీరు ఎంత ఎదిగారో మీకే తెలియదు" అంది.

జూలై 5, శుక్రవారం

ఆయన పొద్దున్నుంచీ ఈల వేస్తున్నారు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆయన ఈల వేయగలరని నాకు తెలియదు. మధ్యాహ్నం షాపు ముందు భాగానికి కొత్త కుర్చీ తెచ్చారు. నా ఎత్తుకి సరిపోయేది. చక్రాలు కూడా ఉన్నాయి.

"ఏంట్రా, లాటరీ తగిలిందా?" అంది అత్తయ్య. తర్వాత నన్ను పైనుంచి కిందకి చూసి, గొంతు తగ్గించి, "ఏమే, నెల తప్పావా?" అంది. ఆ ముసలి కళ్ళలో అంత ఆశ ఎప్పుడూ చూడలేదు.

"లేదత్తయ్యా."

పెళ్ళాం ఒక్కతే ఉండగలదని తెలిస్తే మొగుడు ఈల ఎందుకు వేస్తాడు? చదువు లేనిదాన్ని కాబట్టి తెలియడం లేదా, తెలిసి కూడా తెలియనట్టు ఉన్నానా? కుర్చీ మెత్తగా ఉంది. కూర్చున్నాను. లేచాను. వదిలేసి వెళ్ళేవాడు కుర్చీ కొంటాడా? వదిలేసి వెళ్ళేవాడే కొంటాడు.

జూలై 8, సోమవారం

ఏమీ జరగలేదు. పాలు పొంగిపోయాయి. "సైకాలజీ ప్రకారమే పొంగాయా?" అంది అత్తయ్య.

జూలై 10, బుధవారం

వివరంగా రాస్తాను. మళ్ళీ ఎవరైనా అలా అనలేదంటే నా దగ్గర ఉండాలి.

గదిలో మూడో కుర్చీ వేసి ఉంది. ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. కాగితపు రుమాళ్ళ పెట్టెని నా కుర్చీ వైపు జరిపారు. నేను కూర్చోకముందే జరిపారు. అప్పుడే నాకు అంతా తెలిసిపోయింది. మిగతాదంతా వినడమే.

ఆవిడ, "ఒక విషయం వినడానికి మీరిప్పుడు సిద్ధంగా ఉన్నారని నా నమ్మకం" అంది.

ఆయన నేల చూస్తూ మాట్లాడారు. "నేను... విడిగా ఉందామనుకుంటున్నాను. వేరే ఊళ్ళో. ఎవరూ లేరు, అమ్మ మీద ఒట్టు. షాపు నాన్న పెట్టించాడు. పెళ్ళి నాన్న చేశాడు. నాకంటూ నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఇక్కడికి వచ్చాకే నేనెవరో నాకు తెలిసింది."

"మీరు ఎప్పట్నుంచి వస్తున్నారు?"

"పోయిన చలికాలం నుంచి."

అంటే ఆ చిన్న పనులన్నీ ఇక్కడే. తనను తాను వెతుక్కున్నారట. దొరికినవాడిలో నేను లేను.

"మరి నన్నెందుకు పంపించారు?"

"నిన్ను అలాగే వదిలేసి వెళ్తే తప్పు కదా. నువ్వు కొంచెం నిలదొక్కుకున్నాక..."

"మీ గురించి ఆయన ఎంత ఆలోచించారో చూడండి" అంది ఆవిడ. వ్యంగ్యం కాదు. నిజంగానే అంది.

"ఇక్కడ మాట్లాడింది గోడలు దాటదన్నారు కదండీ."

ఆవిడ మొహం మొదటిసారి ఎర్రబడింది. "మీ మంచికోసమే. మీరెలా ముందుకు వెళ్తున్నారో అంతవరకే చెప్పాను."

"మా పిన్ని కూడా అందులోకే వస్తుందా?"

కింద మందుల షాపులో ఎవరో దగ్గుతున్నారు.

తర్వాత ఆవిడ చాలా మెత్తగా, "మీరు బాగుంటానని ఒక్క మాట ఆయనకి చెప్తే ఇద్దరికీ ఇది తేలికవుతుంది. మీ అత్తగారికి కూడా మీరే చెప్తే మంచిది. మీ మీద ఆవిడకి ప్రేమ" అంది.

ఆయన తల ఎత్తి నా వైపు చూశారు. కళ్ళద్దాలు పెట్టుకోబోయే మనిషిలా, ముందే మెడ చాచి, నేను తొడుగుతానని ఎదురుచూస్తున్నట్టు.

"చెప్పను" అన్నాను.

"ఒక్కసారి ఆలోచించి..."

"చెప్పను. వెళ్తే వెళ్ళండి. కట్టేసి ఉంచడానికి మీరేం ఆవు కాదు. కానీ బాగుంటానని నా నోటితో చెప్పించకండి. మీ అమ్మకి మీరే చెప్పుకోండి."

ఆ పెట్టె చివరికి ఆయనకే అవసరమైంది.

జూలై 11, గురువారం

ఆయన చెప్పారు. అత్తయ్య స్టూలు వెనక నిలబడి, మొహం కనపడకుండా చెప్పారు.

అత్తయ్య విని, కాసేపు వీధిలోకి చూసి, "నిన్ను నువ్వు వెతుక్కోడానికి ఊరు మారడం ఎందుకురా? ఇంత మనిషివి, అద్దాలు లేకపోయినా నా కంటికి కనిపిస్తున్నావు కదా" అంది.

తర్వాత నన్ను అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"నిన్నే తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అది ఆయన చెప్పాల్సిన మాట అత్తయ్యా."

నన్ను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను. "వాడే పంపించి నేర్పించాడు. ఇక అనుభవించనీ" అని లేచి లోపలికి వెళ్ళింది. అన్నం ముట్టలేదు.

జూలై 13, శనివారం

పెద్ద సంచీ అటక మీద నుంచి దించారు. "బాగున్నావా?" అని అడిగారు. "లేదు" అన్నాను. సంచీ అక్కడే ఉంది.

జూలై 15, సోమవారం

"బాగున్నావా?"

"లేదు."

జూలై 16, మంగళవారం

అడిగారు. లేదన్నాను. అత్తయ్య వంటింట్లో నన్ను గోడకి నొక్కి పట్టినంత పని చేసింది. "చెప్పకు. చచ్చినా చెప్పకు. నువ్వు బాగున్నానన్నావంటే వాడికి రెక్కలొస్తాయి. నువ్వు మొహం ఇలా పెట్టుకుని ఉన్నన్నాళ్ళూ వాడు కదలడు. నా కొడుకు నాకు తెలియడా? పిరికి సన్నాసి. తన చేతిమీదుగా చీమ చస్తే మూడు రోజులు అన్నం తినడు."

అత్తయ్య కొడుకు కోసం చెప్పింది. నా కోసం అనుకుంది. రెండూ అయి ఉండొచ్చు.

జూలై 17, బుధవారం

వెళ్ళలేదు. కాళ్ళు మాత్రం ఆ వేళకి చెప్పుల దాకా వెళ్ళాయి.

ఇవాళ అందర్నీ వదిలేసి నన్ను అనుమానించాను. ఆ "లేదు" నిజంగా నేను బాగోలేక అంటున్నానా, ఆయన ఆగుతారని అంటున్నానా? కట్టేయడానికి ఆవు కాదన్నది నేనే. తాడు చూస్తే నా చేతిలో ఉంది. ఆయన ఉండిపోతే ఏమవుతుంది? రోజూ నా మొహం చూసి, వెళ్ళచ్చా లేదా అని కొలుస్తూ ఉంటారు. నేను నవ్వాలన్నా భయపడాలి. నవ్వితే వెళ్ళిపోతారు. మొగుడిని నిలబెట్టుకోడానికి జీవితమంతా ఏడుపు మొహంతో తిరగాలన్నమాట. దానికంటే పిన్ని ఇల్లు నయం. కాదు, నయం కాదు. కానీ దాని పక్క ఇల్లే.

జూలై 18, గురువారం

"బాగున్నావా?" అన్నారు.

నేను అద్దం అంచు అరగదీస్తున్నాను. మిషన్ ఆపాను.

"అది మీకు ఇచ్చే టికెట్టు కాదండీ. నేను బాగుంటే వెళ్ళడానికీ, బాగోకపోతే ఉండటానికీ మీరేం నర్సు కాదు. వెళ్ళాలనుంటే వెళ్ళండి. ఉండాలనుంటే ఉండండి. నన్ను మాత్రం అడగకండి."

"నేను వెళ్తే నువ్వు నన్ను..."

"తిట్టుకుంటాను. చాలా తిట్టుకుంటాను. ఆ తిట్లు కూడా మీ సంచీలోనే పెట్టుకుని వెళ్ళండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. మిషన్ మళ్ళీ ఆన్ చేశాను. ఆ చప్పుడులో నేను ఏడ్చినా వినపడదు. ఏడవలేదు కూడా. కొంచెం.

జూలై 20, శనివారం

వెళ్ళారు.

జూలై 21, ఆదివారం

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. "పట్టుకుని ఉంటే ఆగేవాడు" అని గోడకి చెప్తోంది.

జూలై 24, బుధవారం

ఆవిడ ఫోను చేసింది. మనం కలిసి ఈ కష్టం దాటదాం అంది. "వద్దండీ" అన్నాను. కారణం చెప్పలేదు. క్షమాపణ చెప్పలేదు. ఆవిడ నేర్పినట్టే చెప్పాను.

ఆవిడ చెడ్డదని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. మీరు అని మొదట పిలిచింది ఆవిడే. ఈ ధైర్యం నాలో ఉన్నదా, వాళ్ళిద్దరూ కొలతలు తీసి కుట్టించి తొడిగిందా? ఎవరు కుట్టించినా ఇప్పుడు విప్పి తిరిగి ఇవ్వలేను. ఒంటి మీద ఇంకేమీ లేదు.

జూలై 29, సోమవారం

ఆ కొత్త కుర్చీ మీద కూర్చుని పొద్దున్నుంచీ చూపు పరీక్షించాను. మధ్యలో అత్తయ్య వచ్చి తన స్టూలు నా పక్కకి జరుపుకుంది. కాసేపయ్యాక ఒక పిల్లతల్లి లోపలికి వస్తుంటే, "రామ్మా రా, మా కోడలు చూస్తుంది. దీనికి అబద్ధం చెప్పలేవు, జాగ్రత్త" అంది. వారం రోజుల తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నాతో కాదు, నా గురించి. చాలు, ఇప్పటికి అది.

పిల్లతల్లికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. నవ్వేశాక ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాను, నేను నవ్వడం ఎవరైనా చూశారేమోనని. ఎవరూ లేరు. నా నవ్వు చూసి ఎక్కడికీ బయల్దేరేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకొకటి రాయాలి. రాయకూడదు కానీ రాస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి నేను బాగున్నాను.

ఎవరి చేతికైనా ఈ పుస్తకం చిక్కితే దయచేసి పొయ్యిలో వెయ్యండి. ముందు పేజీలు కాలకపోయినా పర్వాలేదు, ఈ పేజీ బూడిదయ్యేదాకా అక్కడే నిలబడండి. పైన రాసిన ఆ ఒక్క మాట కోసం ఒక మనిషి ఇంకా ఎదురుచూస్తూనే ఉంటారు. అది ఆయనకి చేరకూడదు.